నాన్నగారి అర్హతల పుస్తకం

మా నాన్నగారు ప్రకాశం జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో ప్రభుత్వ జూనియర్ కళాశాల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసేవారు. ఆయన ఎన్నడూ పాఠం చెప్పలేదు, ఏ శాస్త్రంలోనూ పట్టా పుచ్చుకోలేదు. అయినా 1980లలోనూ ఆ తరువాతి దశాబ్దంలోనూ ఆ కళాశాలలో చేరిన పిల్లల్లో చాలామంది ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో చివరికి తేల్చుకున్నది ఆయన బల్ల ముందు నిలబడే. దరఖాస్తు ఫారం మీద గ్రూపు పేరు రాయవలసిన గడి దగ్గరకు వచ్చేసరికి ఎక్కువమంది కలం ఆగిపోయేది.

అడ్మిషన్ల రోజుల్లో నేనూ ఆయన వెంట కళాశాలకు వెళ్లేవాణ్ణి. టి.సి., మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్లు వరుసలో పెట్టి గుండుసూది గుచ్చడం నా పని. చేలో పని మధ్యలో ఆపి వచ్చిన రైతులు, పొరుగూళ్ల ఉపాధ్యాయులు, మార్కెట్‌లో కూలి చేసుకునేవారు, కొడుకునో కూతురినో వెంటబెట్టుకుని వచ్చి నాన్నగారిని అడిగే ప్రశ్నలు రెండే రెండు రకాలుగా ఉండేవి: “ఏ గ్రూపు మంచిదండీ?” అనేది ఒకటి, “ఏది తేలిగ్గా పాసవుతాడండీ?” అనేది మరొకటి. నాన్నగారు ఆ రెండింటికీ జవాబు చెప్పేవారు కారు. కుర్రవాడి వైపు తిరిగి, “నువ్వు ఏం చదువుతావో తరవాత చెబుదువుగాని, ముందు ఏది వదిలేద్దామనుకుంటున్నావో చెప్పు బాబూ” అనేవారు. ఆ ప్రశ్న వినగానే తండ్రులు కొంత చిరాకుపడేవారు. చేరడానికి వచ్చినవాణ్ణి వదిలేసేదాని గురించి అడగడమేమిటని వాళ్ల అనుమానం.

ఆ ప్రశ్న ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు. 1960లలో ఆయన హైస్కూల్లో ఉన్న రోజుల్లో లెక్కలు రెండు రకాలుగా ఉండేవి: జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్. కాంపోజిట్ కష్టమని, జనరల్ అయితే ఇంట్లో పనులు చేసుకుంటూ కూడా గట్టెక్కవచ్చని ఊళ్లో పేరు. పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్లవాణ్ణి అడిగేదేముందని మా తాతగారు జనరల్ అని రాయించి వచ్చారు. హైస్కూలు చివరి పరీక్ష అయిన ఎస్.ఎస్.ఎల్.సి. మంచి మార్కులతోనే పాసై, డిగ్రీకి ముందు చదివే పి.యు.సి.లో చేరబోయినప్పుడు గాని, లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిసిన గ్రూపు కాంపోజిట్ చదివినవారికేనన్న సంగతి ఆయనకు తెలియలేదు. చదువు ఆపేయలేదు, ఆర్ట్స్ గ్రూపులో చేరి పూర్తిచేశారు, ఉద్యోగమూ సంపాదించుకున్నారు. తన బతుకు పాడైపోయిందని ఆయన ఏనాడూ అనలేదు, మేమూ అలా అనుకోలేదు. కాకపోతే తన తరఫున ఒక నిర్ణయం జరిగిపోయిందని ఆ నిర్ణయం జరిగిన రెండేళ్ల తరువాత తెలియడం ఆయన మనసులో ముల్లులా మిగిలింది. ఎంచుకోవడం కంటే, ఎంచుకుంటున్నామని తెలియకుండా ఎంచుకోవడమే ఆయన దృష్టిలో అసలు ప్రమాదం.

ఆ ముల్లు నుంచే పుట్టింది ఆయన అర్హతల పుస్తకం. అట్ట మీద ఏ పేరూ లేని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అడ్డంగా గీతలు కొట్టి, ఎడమ వైపు కోర్సు పేరు, కుడి వైపు దానికి ఇంటర్‌లో తప్పనిసరిగా ఉండవలసిన సబ్జెక్టులు రాసుకునేవారు. కళాశాలకు వచ్చే ప్రాస్పెక్టస్‌లు, నోటీసు బోర్డుకు అతికించవలసిన ప్రకటనలు, పత్రికల్లో వచ్చే యూపీఎస్సీ నోటిఫికేషన్లు, ఏవి కంటబడినా ఆయన ముందు చూసేది ‘అర్హతలు’ అన్న పేరానే. ఫీజు ఎంత, సీట్లు ఎన్ని, ఉద్యోగం వస్తుందా రాదా అన్న విషయాలు ఏటా మారతాయి గాని, ఈ ఒక్క పేరా మాత్రం నిలకడగా ఉంటుందని ఆయన అభిప్రాయం. ఇంజనీరింగుకు లెక్కలు, భౌతికం, రసాయనం. వైద్యానికి జీవశాస్త్రం, భౌతికం, రసాయనం. వ్యవసాయ బీఎస్సీకి, పశువైద్యానికి బైపీసీ. అదే వ్యవసాయ ఇంజనీరింగు అయితే ఎంపీసీ. బీఫార్మసీకి ఇద్దరూ అర్హులే. ఆర్కిటెక్చర్‌కు లెక్కలు ఉండి తీరాలి. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో సైన్యం విభాగానికి ఏ గ్రూపు అయినా చాలు, నౌకాదళానికీ వైమానిక దళానికీ మాత్రం భౌతికశాస్త్రం, గణితం కావాలి. న్యాయశాస్త్రానికి ఏ గ్రూపైనా ఒకటే. ఇలా పేజీల తరబడి సాగేది.

ఆ పుస్తకాన్ని సెలవుల్లో కాలక్షేపానికి తిరగేస్తుండగా నాకు అర్థమైన విషయం ఏమిటంటే, కుడి వైపు గడుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపించేవి గణితం, భౌతికశాస్త్రం అన్నవే. భౌతికశాస్త్రమైతే ఇంజనీరింగు వైపునా వైద్యం వైపునా రెండు చోట్లా ఉండేది. అలాగని ఆ సబ్జెక్టులు చరిత్ర కంటే, పౌరశాస్త్రం కంటే గొప్పవని నాన్నగారు అనుకునేవారు కారు; దినపత్రికలో సంపాదకీయం చదవలేని ఇంజనీరును గురించి ఆయనకు మంచి అభిప్రాయమేమీ ఉండేది కాదు. ఆయన వాదన పూర్తిగా కార్యాలయపు వాదన. ఎంపీసీ చదివినవాడు రేపు బీఏలో చేరాలంటే ఎవరూ అడ్డం చెప్పరు, బీకాంలో చేరాలన్నా అంతే. అదంతా నీరు పల్లానికి వచ్చినంత సులువు. సీఈసీ (పౌరశాస్త్రం, అర్థశాస్త్రం, వాణిజ్యం) చదివినవాడు బీఎస్సీ గణితంలో చేరాలంటే మాత్రం దరఖాస్తు కార్యాలయం గడప కూడా దాటదు. ఒక వైపు మాత్రమే నడిచే దారులు ఏవో ముందు తెలుసుకుని, వాటిని ఆఖరున వదలాలని ఆయన చెప్పేవారు.

నేను పదో తరగతి పాసైంది 1989లో. నాకు ఇష్టమైన సబ్జెక్టు సాంఘికశాస్త్రం, అందులోనూ చరిత్ర. రాజుల పేర్లూ యుద్ధాలూ కాదు, పాత శాసనాల్లో భూమి కొలతలు, పన్నులు, దానాల వివరాలు ఉంటాయని మా సోషల్ మాస్టారు చెప్పినప్పటి నుంచి అదొక పిచ్చిగా పట్టుకుంది. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చేవి గాని, వాటి మీద ప్రత్యేకమైన ప్రేమేమీ ఉండేది కాదు. అందుచేత చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం ఉన్న హెచ్ఈసీలో చేరతానని ఇంట్లో చెప్పాను. అమ్మ నాన్నగారి ముఖం చూసింది. ఆయన కోప్పడలేదు, నవ్వనూ లేదు.

“చరిత్ర మానేయమని నేను అనను రా అబ్బాయ్. చరిత్ర పుస్తకం నువ్వు ఇరవై ఏళ్లకు పట్టుకున్నా చదవగలవు, నలభై ఏళ్లకు పట్టుకున్నా చదవగలవు. లెక్కలు ఇప్పుడు వదిలేస్తే ఇరవై ఏళ్లకు మళ్లీ పట్టుకోగలవా?”

“పట్టుకోవలసిన అవసరం ఏముంటుంది నాన్నా?”

“అది నాకూ తెలియదు, నీకూ తెలియదు. తెలియనప్పుడు వదలడమెందుకు?”

నేను రెండు రోజులు మాట్లాడకుండా తిరిగాను. ఆ తరువాత ఎంపీసీ అని నేనే రాశాను. ఆయన రాయించలేదు. ఈ తేడా ఆయనకు ముఖ్యం. మా తాతగారు చేసిన పని తాను చేయకూడదన్న పట్టుదల వల్లనే కావచ్చు, ఫారం మీద గ్రూపు గడిని ఏ పిల్లవాడి తరఫునా ఆయన నింపేవారు కారు. చదువురాని తండ్రి వచ్చి బతిమాలినా మిగతా గడులన్నీ తాను నింపి, ఆ ఒక్క గడికి కలం పిల్లవాడి చేతికి ఇచ్చేవారు.

మా కళాశాలలో తెలుగు మాధ్యమం. తెలుగు అకాడమీ వారి పాఠ్యపుస్తకాలు చదివాం. సదిశలు, మాత్రికలు, ప్రస్తారాలు సంయోగాలు, ద్విపద సిద్ధాంతం, శాంకవాలు, అవకలనం, సమాకలనం. ఈ మాటలు ఇప్పటికీ నాకు ఆ ఆంగ్ల పదాల కంటే ముందు స్ఫురిస్తాయి. మొదటి సంవత్సరం మొదటి మూడు నెలలూ గణితం నాకు బరువుగానే ఉండేది. పదో తరగతి వరకూ లెక్క అంటే జవాబు రాబట్టడం. ఇక్కడ జవాబు ముందే ఇచ్చి, అది ఎందుకు నిజమో నిరూపించమంటారు. ఆ మార్పు కొందరికి ఒక్కసారిగా నచ్చుతుంది, కొందరికి ఎప్పటికీ నచ్చదు. నాకు ప్రస్తారాలు, సంభావ్యత దగ్గర నచ్చడం మొదలుపెట్టింది. మా లెక్కల లెక్చరరు గారు సంభావ్యతను పేకముక్కలతో చెప్పేవారు, ఆ రోజుల్లో ప్రిన్సిపాలు గది పక్కనే పేకముక్కలు పట్టుకుని పాఠం చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. ఒక సబ్జెక్టు మనకు నచ్చుతుందా లేదా అన్నది పదిహేనేళ్ల వయసులో దాని పేరు చూసి తేల్చగలిగింది కాదని నాకు అప్పుడు తెలిసింది, ఎందుకంటే పైతరగతిలో అదే పేరుతో దాదాపు వేరే సబ్జెక్టు ఎదురవుతుంది.

ఇక్కడ రెండో భాష గురించి ఒక మాట చెప్పాలి. గ్రూపు గురించి నెలల తరబడి చర్చించే ఇళ్లలో కూడా ద్వితీయ భాషను మాత్రం అర నిమిషంలో తేల్చేసేవారు: మార్కులు బాగా వేస్తారు కాబట్టి సంస్కృతం. సంస్కృతం మీద అభిమానంతో తీసుకున్నవారు మా తరగతిలో ఒకరో ఇద్దరో ఉండి ఉంటారు. సమాధానాలు తెలుగు లిపిలోనే రాసి, వందకు దగ్గరగా మార్కులు తెచ్చుకుని, ఆ తరువాత ఒక్క శ్లోకం కూడా గుర్తులేని మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. నాన్నగారు నన్ను తెలుగే తీసుకోమన్నారు. ఇది ఆయన అర్హతల పుస్తకంలో లేని సలహా. అర్జీ రాయడం వచ్చినవాడికి ఏ కార్యాలయంలోనైనా పని దొరుకుతుందని కారణం చెప్పారు గాని, అసలు కారణం ఆయన పద్యాల మనిషి కావడమేనని నా నమ్మకం.

నాతో పాటు పదో తరగతి చదివిన ఒక మిత్రుడు హెచ్ఈసీలో చేరాడు. వాళ్ల అన్నయ్య పుస్తకాలు, నోట్సులు ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి, కొత్తవి కొనే పని లేదు. వాళ్ల ఇంటి పరిస్థితికి అది చిన్న కారణం కాదు. అతడికి చిన్నప్పటి నుంచి సముద్రమంటే ప్రాణం. విశాఖపట్నంలో మేనమామ ఇంటికి వెళ్లినప్పుడు దూరం నుంచి నౌకాదళం ఓడలు చూసివచ్చి నెలరోజులు అదే మాట్లాడేవాడు. రెండో సంవత్సరంలో ఉండగా డిఫెన్స్ అకాడమీ ప్రకటన పట్టుకుని నాన్నగారి దగ్గరకు వచ్చాడు. ఆయన ప్రకటన చదివి, పుస్తకం తీసి, మళ్లీ ప్రకటన చదివి, “సైన్యానికి పెట్టవచ్చు బాబూ, ఓడ ఎక్కడానికి మాత్రం భౌతికం, లెక్కలు అడుగుతున్నాడు” అన్నారు. ఆ రోజు సాయంత్రం ఆయన ఇంట్లో అన్నం సరిగా తినలేదు. ఆ మిత్రుడు అడ్మిషన్ రోజున ఆయన సెలవులో ఉన్నప్పుడు వచ్చి చేరాడట. తరువాత అతడు బీఏ చేసి, గ్రూప్-2 పరీక్ష రాసి, ప్రభుత్వోద్యోగంలో నా కంటే పై స్థాయికి వెళ్లాడు, సంతోషంగానే ఉన్నాడు. ఓడల సంగతి నేను ఎప్పుడూ ఎత్తలేదు, అతడే నవ్వుతూ ఎత్తుతుంటాడు.

మా అక్క కథ దీనికి కొంత భిన్నం. ఆమె నాకంటే మూడేళ్లు ముందు బైపీసీలో చేరింది. బొమ్మలు అద్భుతంగా వేసేది. వృక్షశాస్త్రం రికార్డులో ఆమె గీసిన ఆకు అడ్డుకోత పటాన్ని లెక్చరరు గారు తరువాతి బ్యాచ్‌లకు చూపించేవారట. జంతుశాస్త్రం ప్రాక్టికల్స్‌లో కప్పను కోయవలసి వచ్చినప్పుడు మాత్రం మొదటి రోజు ఇంటికి వచ్చి పడుకుండిపోయింది. ఎంసెట్ రాసింది, వైద్యంలో సీటుకు సరిపడే ర్యాంకు రాలేదు. ఊళ్లో అందరూ లాంగ్ టర్మ్ కోచింగ్‌కు పంపమన్నారు. నాన్నగారు పుస్తకం తెరిచి బైపీసీకి ఎదురుగా ఉన్న కోర్సులన్నీ ఆమెకు చదివి వినిపించారు: బీఎస్సీ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, బీఫార్మసీ, వ్యవసాయం, నర్సింగు. బైపీసీ అంటే డాక్టరు, డాక్టరు కాకపోతే ఏమీ లేదు అన్న మాట ఆ రోజుల్లో ఎంత గట్టిగా వినబడేదో ఇప్పుడూ అంతే వినబడుతుంది. అక్క బీజడ్‌సీ చేసి, బీఈడీలో జీవశాస్త్రం మెథడాలజీ తీసుకుని, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలైంది. ఆమె తరగతి గది గోడల నిండా ఆమె గీసిన పటాలే ఉండేవి.

నాన్నగారి పద్ధతికి లోపం లేదని నేను అనను. దారులు తెరిచి ఉంచాలన్న ఆయన మాట ఊళ్లో కొంత ప్రచారమైంది, ప్రచారమైన కొద్దీ అది ‘అందరూ ఎంపీసీలో చేరండి’ అనే సలహాగా మారిపోయింది. మా తరగతిలో ఒక కుర్రవాడు అలా వచ్చినవాడే. వాళ్ల నాన్న వచ్చి, “మీవాణ్ణి ఏ గ్రూపులో వేశారో మావాణ్ణీ అందులోనే వేయండి” అన్నాడు. ఆ కుర్రవాడికి పదో తరగతి లెక్కల్లో పాస్ మార్కులకు కొంచెం పైన వచ్చాయి. వ్యాపారం లెక్కలు నోటితో క్షణంలో చెప్పగలడు, సైన్ తీటా అనగానే బిక్కముఖం వేసేవాడు. మొదటి సంవత్సరం గణితం రెండు పేపర్లూ, భౌతికశాస్త్రమూ తప్పాడు. సప్లిమెంటరీలో ఒకటి గట్టెక్కింది, రెండు మిగిలాయి. చూస్తుండగానే రెండేళ్లు గడిచిపోయాయి, అన్ని దారులూ తెరిచే గ్రూపులో ఉండి కూడా అతడికి ఒక్కటీ తెరుచుకోలేదు. చివరకు సీఈసీలో మొదటి నుంచి చేరి, బీకాం పూర్తిచేసి, అకౌంట్స్‌లో మంచి పేరు తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి నాన్నగారు తన ప్రశ్నకు మరొకటి చేర్చారు. ఏది వదిలేస్తున్నావని అడిగిన తరువాత, పదో తరగతి మార్కుల జాబితా తీసుకుని, “ఇష్టం లేకపోయినా ఇది రెండేళ్లు మోయగలవా?” అని అడిగేవారు. కుర్రవాడు తండ్రి వైపు చూస్తే, తండ్రిని కాసేపు వరండాలో కూర్చోమనేవారు. ఒక సబ్జెక్టు అర్హతల పట్టికలో ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క ఎంత నిజమో, అందులో అత్తెసరు మార్కులు వస్తే ఆ పట్టికంతా వట్టి కాగితమేనన్నదీ అంతే నిజం. పిల్లవాడికి రాని గణితం కన్నా వచ్చిన వాణిజ్యశాస్త్రం ఎక్కువ దారులు చూపిస్తుంది. సీఈసీ వైపు వెళ్లినవారికి అప్పటి నుంచి ఆయన ఒక విషయం విడిగా చెప్పేవారు: లెక్కలు ఓ మాదిరిగా వచ్చినా ఎంఈసీ ఆలోచించుకోమని. వాణిజ్యం, అర్థశాస్త్రం వదలకుండానే గణితాన్ని నిలుపుకోగలిగిన గ్రూపు అది. కానీ మా వంటి చిన్న కళాశాలల్లో ఎంఈసీకి పిల్లలు చాలక ఒక్కో ఏడాది తరగతే పెట్టేవారు కారు. కాగితం మీద ఉన్న ఎంపిక వేరు, ఇంటికి బస్సు దూరంలో ఉన్న ఎంపిక వేరు.

నాకు ఇంజనీరింగు సీటు రాలేదు, అందుకు పెద్దగా బాధా కలగలేదు. గణితం, భౌతికం, సాంఖ్యకశాస్త్రం (స్టాటిస్టిక్స్)తో బీఎస్సీలో చేరాను. పేకముక్కల దగ్గర మొదలైన ఇష్టం అక్కడ ముదిరింది. ఎమ్మెస్సీ కూడా సాంఖ్యకంలోనే చేసి, గణాంక శాఖలో ఉద్యోగంలో చేరాను. పంటకోత ప్రయోగాలంటే చాలామందికి తెలియకపోవచ్చు: యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన పొలంలో కొలిచి హద్దులు వేసిన చిన్న మడిలోని పంటను కోసి, తూచి, దాని నుంచి ఆ ప్రాంతపు దిగుబడిని అంచనా వేస్తారు. ఆ పని మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు గుళ్ల దగ్గర శాసనాలు కనిపించేవి, వాటిలో భూమి కొలతలు, పన్నులు కనిపించేవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఎం.ఏ. చరిత్ర కట్టి, సాయంత్రాలు చదివి పాసయ్యాను. బీఎస్సీ చదివినవాడివి చరిత్రలోకి ఎలా వస్తావని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఉత్తరంలో రాస్తే నాన్నగారు జవాబులో దాని గురించి ఏమీ అనలేదు, శాసనాల్లో వచ్చే కొలమానాల పట్టిక ఎక్కడైనా దొరికితే నకలు పంపమన్నారు.

నిజానికి ఆ పుస్తకంలో నాకు ఎక్కువ నచ్చిన పేజీలు చివరివి. ‘ఏ గ్రూపైనా’ అని శీర్షిక పెట్టి ఆయన రాసుకున్న జాబితా అది. సివిల్ సర్వీసులకు ఏ డిగ్రీ అయినా చాలు, గ్రూప్ పరీక్షలకు అంతే, బ్యాంకు పరీక్షలకు అంతే, న్యాయవాద విద్యకు ఏ గ్రూపైనా సరే. చార్టర్డ్ అకౌంటెన్సీకి వాణిజ్యం చదివి ఉండాలన్నది అపోహ మాత్రమే. పదిహేనేళ్ల పిల్లల ముందు పెద్దవాళ్లు పెట్టే భయంలో సగం ఈ పేజీలు చదివితే తగ్గిపోతుంది. ఆ భయం మీద బతికే వ్యాపారం ఆ తరువాతి కాలంలో ఎంత పెరిగిందో అందరమూ చూశాం. ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో గ్రూపు పేరు కూడా బోర్డు మీద కనిపించని కళాశాలలు ఊరూరా వెలిశాయి. నాన్నగారు 2005లో పదవీ విరమణ చేసేనాటికి తమ కళాశాలలో హెచ్ఈసీ గదిలో ముందు రెండు బల్లలు మాత్రమే నిండేవని చెప్పేవారు. చరిత్ర, పౌరశాస్త్రం చదవాలని నిజంగా ఉన్న పిల్లవాడికి ఆ దారి ఎవరూ మూయకుండానే మూసుకుపోయింది.

నిబంధనలు ఆయన కాలం నాటివి కావిప్పుడు. వైద్యవిద్యకు ఎంసెట్ పోయి 2017 నుంచి నీట్ ఒక్కటే దారి అయింది. పన్నెండో తరగతి తరువాత జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినవారు కూడా నీట్ రాయవచ్చునని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది. ఒక వైపు మాత్రమే నడిచే దారుల్లో ఒకటి ఆ విధంగా కొంత సడలింది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఆనర్స్ చదవాలంటే పన్నెండో తరగతిలో గణితం ఉండాలి. కోల్‌కతాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో బీస్టాట్ అనే సాంఖ్యకశాస్త్రపు డిగ్రీకీ అంతే. ఇంటర్‌లో అర్థశాస్త్రం రెండేళ్లూ శ్రద్ధగా చదివిన సీఈసీ విద్యార్థికి ఆ ఢిల్లీ సీటుకు అర్హత ఉండదు, అర్థశాస్త్రం ముఖమే చూడని ఎంపీసీ విద్యార్థికి ఉంటుంది. నాన్నగారు ఉంటే ఈ వాక్యాన్ని ఎర్ర సిరాతో రాసుకునేవారు. ఇక సీబీఎస్‌ఈ 2020 పరీక్షల నుంచి పదో తరగతి గణితాన్ని స్టాండర్డ్, బేసిక్ అని రెండుగా విభజించింది. పైతరగతుల్లో గణితం చదవదలచినవారికి స్టాండర్డ్ అని ఉద్దేశం. కోవిడ్ వచ్చాక మాత్రం బేసిక్ వారికీ సడలింపులు ఇచ్చారు. ఈ వార్త చదివినప్పుడు, జనరల్, కాంపోజిట్ అన్న పాత పేర్లు మార్చి మళ్లీ తెచ్చినట్లే నాకు అనిపించింది. పిల్లలకు ముందుగా చెప్పి, అర్థమయ్యేలా చెప్పి అడిగితే ఆ విభజన తప్పు కాదు. మా తాతగారి లాగా ఇంట్లోవాళ్లే వెళ్లి రాయించి వస్తే మాత్రం అది పాత కథే.

మా చెల్లెలి కూతురు 2025లో పదో తరగతి పూర్తిచేసింది. ఆ విద్యా సంవత్సరం నుంచే ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు గణితాన్నీ జీవశాస్త్రాన్నీ కలిపి చదివే ఎంబైపీసీని తెచ్చింది. ఆ పిల్లకు పశువైద్యం మీద ఎంత ఇష్టమో, భవనాల నమూనాలు గీయడం మీద అంత ఇష్టం. మొదటిదానికి జీవశాస్త్రం, రెండోదానికి గణితం. మా రోజుల్లో అయితే పదిహేనేళ్లకే ఒకదానికి దండం పెట్టవలసి వచ్చేది. “మామయ్యా, రెండూ మోయగలనంటావా?” అని ఫోన్‌లో అడిగింది. నేను ఆమె మార్కులు అడిగాను, రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతోందో అడిగాను, ఆమె చేరబోయే కళాశాలలో ఆ గ్రూపుకు నిజంగా తరగతులు జరుగుతాయో లేక పేరుకే ఉందో కనుక్కోమన్నాను. వాళ్లమ్మ వెళ్లి కనుక్కుని వచ్చింది, టైంటేబుల్ ఫొటో తీసి పంపింది. ఫారం మాత్రం పిల్లే నింపింది.

గణితం గురించి, జీవశాస్త్రం గురించి అందరమూ అంత తర్జనభర్జన పడ్డామా, మొదటి యూనిట్ పరీక్షల్లో ఆ రెండింటిలోనూ ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. తక్కువ వచ్చింది భౌతికశాస్త్రంలో. ఏ సైన్సు గ్రూపు తీసుకున్నా అది ఎలాగూ ఉండేదే కాబట్టి మాలో ఒక్కరమూ దాని ఊసే ఎత్తలేదు. ప్రతి ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో నేనూ ఆమే సదిశలతో మొదలుపెట్టి, ఇప్పుడు ప్రక్షేపకాల లెక్కల దాకా వచ్చాం.